ఎర్రవాగు మీద నల్లకొండ రాయి

నమోదు 1

నల్లకొండలో కొండ లేదు. అది ఉన్నచోట నాలుగు తాటిచెట్ల లోతు గుంత ఉంది. రాయి తవ్వుకుపోయిన రోజుల్లో ఇక్కడికి రైలు ఖాళీగా వచ్చి నిండుగా పోయేదట. ఇప్పుడు నిండుగా వచ్చి ఖాళీగా పోతోంది. నగరంలో నీళ్ళందక వదిలేసిన టవర్లను అంతస్తు అంతస్తుగా కోసి, ఆ ముక్కలను మళ్ళీ రాయి చేయడానికి ఇక్కడికి పంపుతున్నారు. ఉదయం దిగిన వ్యాగన్లలో ఒక వంటింటి గోడ ముక్క ఉంది. స్విచ్‌బోర్డు ఊడలేదు. దాని పక్కన పాలవాడి ఫోన్ నంబరు పెన్సిలుతో రాసి ఉంది.

పేలుళ్ళకు ముందు మోగించే సైరన్ కూడా అలాగే ఉంది. కొండలు పేల్చడం నేరమయ్యాక దాన్ని టీకి మోగిస్తున్నారు.

ఇలాంటి ప్రతి గుంతలోనూ బయటి మనిషి ఒకరు ఉండి చూసింది చూసినట్టు రోజూ రాయాలన్నది నిబంధన. చాలా ఏళ్ళు పత్రికలో పనిచేశాను కనుక ఇక్కడికి నన్ను వేశారు. అందరూ పేపరాయన అంటున్నారు.

ఈరోజు వార్త ఒకటే. ఎర్రవాగు మీద కట్టే వంతెనకు రాయి నల్లకొండ నుంచే తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఇంతవరకు ఈ గుంత రాయికి ఉన్న గుర్తింపు నడక రాయి. అంటే బాటలకూ ప్రహరీలకూ మాత్రమే వాడాలి. వంతెనకు మోత రాయి కావాలి. మూడు కమానులూ వానలకు ముందే లేచి, పరీక్షలో నిలబడితే ఆ గుర్తింపు వస్తుంది. నిలబడకపోతే పని ఒక పెద్ద యంత్రాల సంస్థకు పోతుంది. వంతెన ఇంకో ఏడాది వెనక్కి జరుగుతుంది.

వాగుకు ఇవతల గుంత, గుంత మనుషుల కాలనీ. అవతల ఆసుపత్రి, హైస్కూలు, బస్సు. వాగు పొంగితే ఇవతలి వాళ్ళకు ఈ మూడూ లేనట్టే. కిందటేడు పాము కరిచిన ఒక మనిషిని ట్రాక్టర్లో పడుకోబెట్టుకుని, నీళ్ళు తగ్గేదాకా గట్టు మీదే కూర్చున్నారు. నీళ్ళు తగ్గాయి, ఆయన దక్కలేదు. ఆయన భార్య ఓర్సు రత్నమ్మ ఈ గుంతకు మేస్త్రి.

ఉత్తర్వు చదివి వినిపిస్తే ఆమె చేతులు తుడుచుకుంటూ విన్నది.

"మా రాయి ఎప్పుడూ మోత రాయే," అంది. "వాళ్ళకి ఇప్పుడు తెలిసింది. అంతే."

నమోదు 3

తోడు షెడ్డులోకి పోగానే కళ్ళు మండాయి. రత్నమ్మ నవ్వి, పొడుగాటి తెడ్డు నా చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడి చూస్తే ఏం తెలుస్తది? తిప్పు."

తిప్పాను. తొట్టిలో యూరియా నీళ్ళు, బెల్లపు మడ్డి. వాటిలో కంటికి కనపడని జీవులు. ఆ ఘాటు అవి వదిలేదే. టవర్ ముక్కలను నలిపి, జల్లించి, మూసల్లో నింపి ఈ నీళ్ళు పట్టిస్తే, ఆ జీవులు కంకర సందుల్లో సున్నం పేర్చుకుంటూ పోతాయి. ఏడు రోజులకు మూస విప్పితే రాయి. సిమెంటు బట్టీలు మూతపడ్డాక అన్ని ఊళ్ళలో గోడలు ఇలాగే లేస్తున్నాయి. పని మాత్రం మజ్జిగ చుక్కతో పాలు తోడుపెట్టడం లాంటిదే. నిన్నటి తొట్టిలోంచి ఒక బకెట్ తీసి ఇవాళ్టి తొట్టిలో పోస్తారు. అందుకే దాన్ని తోడు అంటారు.

"ఇది మా అత్త పెట్టిన తోడు," అంది రత్నమ్మ. "ఒక్కరోజు కూడా ఆగిపోనియ్యలా. దీనికి ఆదివారం లేదు, పండగ లేదు."

క్రషర్ నడిపే దేరంగుల మల్లేసు గుమ్మం దగ్గర నుంచి అరిచాడు. వరసకు ఆమెకు మరిది అవుతాడు.

"మా అన్నకి కూడా ఇంత ఏళకి అన్నం పెట్టలేదు పేపరాయనా! రాసుకో, రాసుకో!"

"మీ అన్న తిన్నాక గిన్నె కడిగేవాడు. నువ్వు కడుగుతావా? పో, మిషన్ చూసుకో."

క్రషర్లోకి పోయే ముందు ముక్కలను రెండుసార్లు ఏరుతారు. ఇనుము, రాగి యంత్రపు చేతులు తీస్తాయి. ఫాల్స్ సీలింగు ముక్కలను మనుషులు తీయాలి. అవి చూడటానికి మామూలు పూతలాగే తెల్లగా ఉంటాయి కానీ, రాయిలో పడితే నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. ఏరే వరసలో ఆడవాళ్ళు ముక్కను గోటితో గీరి పక్కన పడేయడం చూశాను. ఒక ముక్కకు ఒక గీరు. రెండో గీరు ఎవరూ గీయలేదు.

నమోదు 6

సముద్రం వైపు ఉన్న ఉప్పుగుంత నుంచి ఆవుల యోహాను వచ్చాడు. అక్కడ ఆయనే మేస్త్రి. మునిగిన తీరం ఊళ్ళ ఇళ్ళు అక్కడికి వస్తాయి. ఎండాకాలం మొదట్లో వాళ్ళ తోడు చచ్చిపోతే రత్నమ్మ ఒక క్యాను నిండా ఇచ్చిందట. అడిగినవాళ్ళకు తోడు లేదనకపోవడం గుంతల మధ్య ఆచారం.

"నీ పుణ్యాన మా తొట్లు లేచాయక్కా. అడుగున ఏదో మాది కూడా బతికే ఉన్నట్టుంది, రెండూ కలిసి జోరుగా ఉన్నాయి," అని క్యాను దించాడు.

క్యాను బరువుగా ఉంది. అరువు గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు కనుక తన తోడు నింపుకొచ్చాడు. రత్నమ్మ మూత తీసి వాసన చూసింది. తల ఊపింది. యోహాను చూస్తుండగానే పెద్ద తొట్టిలో పోసింది. తర్వాత అందరం టీ తాగాం.

నమోదు 19

మొదటి కమాను లేచింది. ఇనుప చట్రం మీద రాళ్ళు రెండు వైపుల నుంచీ ఎక్కుతూ వచ్చి నడిమి రాయి దగ్గర కలిశాయి. మూస విప్పిన రాళ్ళను గట్టు మీద వరసగా పెట్టినప్పుడు అవతలి గట్టు నుంచి కూడా జనం చూశారు. ఇదివరకటి రాయి బూడిద రంగులో గరుకుగా ఉండేది. ఇవి నున్నగా, చేత్తో రాస్తే జారేలా ఉన్నాయి. శబ్దం పంపి లోపల పగుళ్ళు చూసే పరికరం ప్రతి రాయికీ పగుళ్ళు లేవనే చెప్పింది.

"అద్దంలో చూసుకుని తల దువ్వుకోవచ్చు," అన్నాడు మల్లేసు.

"నీకు జుట్టేది?" అంది రత్నమ్మ.

షెడ్డులో ఘాటు తగ్గింది. చూడవచ్చిన అధికారులు అది బాగుందన్నారు. రత్నమ్మకు నచ్చలేదు. తోడుకు ఆకలేస్తోందేమోనని యూరియా పెంచింది.

నమోదు 24

రెండో కమానుకు పోవాల్సిన రాయి ఒకటి ట్రాలీ మీద నుంచి జారి పడింది. పగిలింది. రాయి పగలడం వార్త కాదు. పగిలినచోట నుంచి ఇసుక కారింది.

దగ్గరికి పోయి చూశాను. బెత్తెడు మందం వరకు గట్టిగా ఉంది. దాని లోపల తడి కంకర. వేలితో పొడిస్తే దిగబడింది.

రత్నమ్మ సమ్మెట తెప్పించి పక్క రాయి కొట్టమంది. అది కూడా అంతే. మూడోదీ అంతే. ఆ వరస మొత్తం కొట్టించింది. శబ్ద పరికరం పగుళ్ళను పట్టుకుంటుంది. ఇక్కడ పగులు లేదు. అంటుకోని కంకర బిగువుగా కూరుకుని ఉంది, అంతే.

వానలకు నెలకు పైగా సమయం ఉంది.

నమోదు 25

రాళ్ళను నొక్కి బలం చూసే యంత్రంతో జిల్లా పరీక్షా కేంద్రం నుంచి షాహీనా వచ్చింది. ముప్పై దాటి ఉండవు. వచ్చిన గంటలోనే చీర కుచ్చిళ్ళు దోపి మూసల మధ్య తిరుగుతోంది.

ముందు అనుమానం ఫాల్స్ సీలింగు మీదకు పోయింది. మల్లేసు పైకే అనేశాడు.

"ఏరేవాళ్ళు కబుర్లలో పడుంటారు."

ఏరే వరస మొత్తం పని ఆపి లేచి నిలబడింది. ఆ ఏరే వరసకు పెద్ద పిచ్చమ్మ. మల్లేసుకు సొంత అత్తగారు.

"అల్లుడా, నా గోరు చూడు," అని అరిగిన బొటనవేలి గోరు అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇది అబద్ధం చెప్తదా? నీ మిషను పళ్ళు అరిగి పొడి ఎక్కువ పోస్తన్నదేమో, అది చూసుకో పో."

"నా మిషన్ని అంటే ఊరుకోనత్తా."

"ఊరుకోక ఏం చేస్తావ్? మా పిల్లని పుట్టింటికి పంపిస్తావా? పంపు. పది ఇళ్ళ అవతలేగా."

షాహీనా ఇద్దరి మాటా కాదనలేదు. రెండుసార్లు ఏరిన కంకరతో కొన్ని, కొత్త పళ్ళు బిగించి నలిపిన కంకరతో కొన్ని, ఆసుపత్రి బోరు నీళ్ళతో కొన్ని ముద్దలు పోయించింది. గుమ్మడికాయంత ముద్దలైతే రెండు రోజుల్లో గట్టిపడతాయి.

నమోదు 27

ముద్దలు అన్నీ ఒకేలా ఉన్నాయి. పైన పెంకు, లోపల ఇసుక. కంకరది తప్పు కాదు, మిషన్ది కాదు, నీళ్ళది కాదు. పిచ్చమ్మ అల్లుడి వైపు చూసింది. మల్లేసు టీ గ్లాసు తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాడు.

షాహీనా తొట్టి నీళ్ళ చుక్కను పరికరం కింద పెట్టి తెర మీద చూపించింది. గుండ్రటివి కొన్ని. పొడుగ్గా, ఈదుతున్నట్టు వేగంగా కదిలేవి చాలా.

"గుండ్రటివి మీవి రత్నమ్మ గారూ. నా దగ్గర పాత నమూనా బొమ్మలున్నాయి. ఈ పొడుగువి ఉప్పు నీళ్ళలో బతికే రకం. చాలా తొందరపడే రకం. కంకరకు నీళ్ళు పట్టించగానే పైపైనే సున్నం పేర్చి సందులు మూసేస్తున్నాయి. ఇక లోపలికి నీళ్ళూ పోవు, గాలీ పోదు. లోపల ఉన్న మీవి ఆకలితో ఆగిపోతున్నాయి. మీరు యూరియా పెంచేకొద్దీ ఇవి ఇంకా తొందరగా మూశాయి."

"ఇవి యాడనించి వచ్చాయి?" అన్నాడు మల్లేసు.

షాహీనాకు తెలియదు. రత్నమ్మ తెర వైపే చూస్తోంది.

"యోహాను క్యాను," అంది. "నేనే పోశాను. అందరూ చూస్తుండగా పోశాను."

"ఆయన ఇచ్చింది పక్కన పెట్టుకోవాల్సింది కదా," అంది షాహీనా, నెమ్మదిగానే.

"మనిషి ఎదురుగా నిలబడి తెచ్చిస్తే పక్కన పెడతామా? మీ ఇంటికి కూర తెచ్చిస్తే మీరు పరీక్ష చేసి తింటారా అమ్మా?"

"తినేది అయితే చెయ్యను. వంతెన కట్టేది అయితే చేస్తాను."

రత్నమ్మ ఆ మాటకు కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకోలేదు.

"నిజమే," అంది. "ఇన్నాళ్ళూ బాటలకి పోశాం. గిన్నె మర్యాద గిన్నెలాగే సాగింది. మోత రాయికి అది కుదరదు."

ఉప్పుగుంతకు ఫోన్ చేసి విషయం చెప్పింది. అక్కడ పోసేవి ఇంటి పైకప్పు పలకలు. బెత్తెడు మందం కూడా ఉండవు. పెంకు గట్టిపడితే పలక మొత్తం గట్టిపడినట్టే. అందుకే వాళ్ళకు తేడా తెలియలేదు.

నమోదు 28

ఇప్పుడు అసలు ప్రశ్న మొదటి కమాను. అది వాగు మీద నిలబడి ఉంది. నున్నగా ఉంది. చట్రం కూడా తీసేశారు. రాళ్ళన్నీ యోహాను వచ్చి పోయాక పోసినవి.

టీ సైరన్ తర్వాత గుంత అడుగున అందరూ కూర్చున్నారు. మల్లేసు లేచాడు.

"వదినా, అది నిలబడిందిగా. పరికరం ఒప్పుకుంది. కాగితం మీద సంతకం పడింది. మిగతా రెండూ మంచి రాయితో లేపుదాం. దాన్ని కదిలిస్తే వానల్లోపు మూడూ కావు. వంతెన మాటే ఉండదు."

ఆ మాటలో లెక్క తప్పు లేదు. చాలామంది తలలు ఊపారు.

"షాహీనమ్మా, నువ్వు చెప్పు," అంది రత్నమ్మ. "అది ఎంత మోస్తది?"

"తనను తాను మోస్తోంది. మనుషుల్ని మోస్తుంది. బస్సు ఎక్కితే చెప్పలేను. ఒకసారి మోయవచ్చు, వందసార్లు మోయవచ్చు. పెంకు ఎప్పుడు పగులుతుందో నా యంత్రం చెప్పదు."

"మల్లేసూ, నీ పిల్లని ఆ బస్సు ఎక్కిస్తావా?"

మల్లేసు కూర్చున్నాడు.

"మీ అన్న ఆ గట్టు మీద పోయాడు," అంది రత్నమ్మ. "వంతెన నాకంటే ఎక్కువ ఎవరికి గావాలా? కానీ నల్లకొండ రాయి కూలి బస్సు పడిందనే మాట పుట్టిందంటే, ఇక ఎన్ని గుంతలున్నా ఈ పనిని ఎవరూ నమ్మరు. దించుదాం. మనం ఎక్కించింది మనమే దించుదాం."

చేతులెత్తమని ఎవరూ అడగలేదు. పిచ్చమ్మ ముందు లేచి చీర దులుపుకుని సమ్మెటలున్న వైపు నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెనక పోయారు. మల్లేసు ఆమెను దాటిపోయి పెద్ద సమ్మెట తీసుకున్నాడు.

నేను చూసిన సమావేశాల్లో నిర్ణయం ఇంత తొందరగా జరిగింది లేదు.

నమోదు 29

కమాను దించుతున్నాం. కింద మళ్ళీ చట్రం బిగించి, నడిమి రాయి నుంచి ఒక్కొక్కటే తీస్తున్నారు. పొద్దున తొమ్మిదికి అవతలి గట్టు మీద ఒక బస్సు నిండా మనుషులు దిగారు. ఉప్పుగుంత వాళ్ళు. ముందు యోహాను.

వాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. ప్యాంటు పైకి మడిచి దాటి వచ్చాడు.

"నా వల్లే కదక్కా."

"నీ వల్ల కాదు. నువ్వు ఇచ్చావ్, నేను పోశా. ఇప్పుడు ఏడవడానికి వచ్చావా, పనికి వచ్చావా?"

"పనికే."

"అయితే ఆ చివర పట్టు."

అవతలి ఊళ్ళ వాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. కట్టిన కమాను ఎందుకు పీకుతున్నారని అడిగారు. మల్లేసు గట్టిగానే చెప్పాడు, దాచలేదు. "రాయి బాలేదు. మాదే తప్పు. మంచిది పెడతాం." సాయంత్రానికి ఆ ఊళ్ళలో నుంచి పదిహేను మంది పార పలుగులతో దిగారు.

దించిన రాళ్ళు గుంతకు తిరిగి వస్తున్నాయి. క్రషర్ వాటిని టవర్ ముక్కల్లాగే నలుపుతోంది. నల్లకొండ తన రాయిని తానే నలుపుకోవడం ఇదే మొదటిసారి అన్నారు.

నమోదు 31

తొట్లన్నీ ఖాళీ చేసి వేడి నీళ్ళతో కడిగారు. రాయి దించగలం గానీ తోడు ఎక్కడిది? రత్నమ్మ అత్త నాటి నుంచి ఆగని తోడు నిన్న మురుగు గుంతలోకి పోయింది. ఆమె షెడ్డు బయట నిలబడి చూసింది. లోపలికి రాలేదు.

దారి షాహీనా చెప్పింది. ఈ జీవులు రాయి గట్టిపడ్డాక దానిలోనే గింజల్లా ముడుచుకుని నిద్రపోతాయి. ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. యోహాను రాకముందు పోసిన పాత రాయి నడిమి నుంచి పొడి తీసి మేత వేస్తే లేవవచ్చు.

పాత రాయికి కొదవ లేదు. కాలనీ మొత్తం దానితోనే కట్టారు. గొడవ ఎవరి రాయి అన్నదాని మీద వచ్చింది. మా అరుగు తీసుకోండంటే మా అరుగు తీసుకోండని ఇంటింటా పట్టుబట్టారు. వంతెనను లేపే తోడు తమ ఇంటి రాయిలోంచి రావాలని అందరికీ ఉంది. ఒకాయన సొంత ప్రహరీ ముందే కూల్చుకుని కూర్చున్నాడు.

షాహీనా ఎవరి మొహమూ చూడలేదు. ఎండ పడని, ఎప్పుడూ తడిగా ఉండే, మందమైన రాయి కావాలంది. అలాంటిది పిచ్చమ్మ పెరట్లో బట్టలుతికే బండ ఒక్కటే.

పిచ్చమ్మ దాని మీద కూర్చుంది.

"ఇయ్యను. దీని మీద ఉతికినట్టు ఇంక దేని మీదా ఉతకలేను."

"అత్తా, ఊరంతా ఇస్తానంటే నువ్వు ఇయ్యనంటావేంది?" మల్లేసు బతిమాలాడు.

"ఊరి అరుగులు ఎవరికి గావాలి? వాళ్ళకి నాది గావాలి. అందుకే ఇయ్యను."

"కొత్త బండ పోయిస్తాను. ఇంత మందం."

"నువ్వే మోసుకొచ్చి ఏస్తావా?"

"ఏస్తా."

"ఏసినాక వారం రోజులు నా బట్టలు నువ్వే ఉతకాలి. బండ నునుపు తేలాలిగా."

మల్లేసు చుట్టూ చూశాడు. కాలనీ మొత్తం అక్కడే ఉంది. ఒప్పుకున్నాడు. పిచ్చమ్మ లేచింది.

బండను రెండు చేశారు. నడిమి దాకా ఒకటే గట్టిదనం. అంచుకూ మధ్యకూ తేడా కనిపించలేదు. షాహీనా సగం ముక్కను తన యంత్రంలో పెట్టి నొక్కింది. ముల్లు మోత రాయికి పెట్టిన గీత దాటి ఇంకా పైకి పోయాక అది పగిలింది. బట్టలుతికే బండ.

"ఇన్నేళ్ళు మీ రాయిని నడక రాయి అని రాసింది ఎవరు?" అంది షాహీనా.

"మీ ఆఫీసే," అంది రత్నమ్మ.

నమోదు 38

ఉదయం షెడ్డు తలుపు తీయగానే కళ్ళు మండాయి. నా వెనక వస్తున్న రత్నమ్మ ఆగిపోయింది. కొంగుతో ముక్కు మూసుకోలేదు. గట్టిగా పీల్చింది.

"వచ్చింది," అంది.

తెర మీద గుండ్రటివే ఉన్నాయి. షాహీనా మూడుసార్లు చూసింది. అప్పుడే రత్నమ్మ ఒక కొత్త నియమం పెట్టింది. బయటి నుంచి వచ్చిన తోడుకు చివర వేరే తొట్టి ఒకటి ఉంటుంది. వచ్చిన గిన్నె తెచ్చినవాళ్ళ ఎదురుగానే అందులో పోస్తారు. పరీక్ష అయ్యేదాకా అది పెద్ద తొట్టి దగ్గరికి రాదు. దానికి అతిథి తొట్టి అని పేరు పెట్టారు. యోహాను తన గుంతలో కూడా ఒకటి కట్టిస్తానన్నాడు.

నమోదు 52

మొదటి రెండు కమానులు నిలబడ్డాయి. బూడిద రంగు, గరుకు రాయి. అద్దంలా లేదు. ప్రతి వరసలోంచీ ఒక రాయి తీసి పగలగొట్టి, నడిమి చూశాకే మిగతావి ఎక్కించారు. ఈ పద్ధతి నిబంధనల్లో లేదు. రత్నమ్మ పెట్టింది.

మూడో కమాను రాళ్ళు చట్రం మీద కలిశాయి. సందుల్లో తోడు పట్టించిన సన్న కంకర కూరారు. సందులు గట్టిపడటానికి ఏడు రోజులు కావాలి. అప్పటిదాకా కింద చట్రం ఉండాలి.

పడమటి వైపు మబ్బు పట్టింది.

నమోదు 57

మూడో కమానుకు ఇది ఐదో రోజు. ఎగువ కొండల్లో నిన్నటి నుంచి కుండపోత. మధ్యాహ్నానికి వాగు వస్తుందని హెచ్చరిక వచ్చింది. నీళ్ళతో పాటు చెట్లు వస్తాయి. అవి చట్రానికి తగిలితే చట్రం ఒక్కసారిగా ఊడుతుంది. ఆ కుదుపుకు కమాను కూలవచ్చు. చట్రాన్ని ముందే మనం తీద్దామంటే సందులు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

షాహీనా అదే కంకరతో అదే రోజు పోసిన ముద్దను నొక్కి చూసింది.

"తన బరువు మోయడానికి చాలు. బండ్లకు చాలదు. ఇంకో రెండు రోజులకు చాలుతుంది. నెమ్మదిగా దించితేనే ఈ మాట."

"నెమ్మదిగానే దించుదాం," అంది రత్నమ్మ.

చట్రం కాళ్ళ కింద చెక్క ఆపులున్నాయి. వాటిని కొంచెం కొంచెంగా సడలించాలి. రెండు వైపులా ఒకే రకంగా పోవాలి. ఈ గట్టు వైపు మల్లేసు మనుషులు, ఆ గట్టు వైపు యోహాను మనుషులు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. రత్నమ్మ కమాను మీదకెక్కి నడిమి రాయి మీద నిలబడింది. దిగమని షాహీనా అరిచింది.

"ఇక్కడైతేనే ఇద్దరికీ నా మాట వినిపిస్తది," అంది.

ఆ మాటలో నిజముంది. అయినా అక్కడ నిలబడాల్సిన అవసరం లేదు. చేతి మైకు ఇవ్వబోతే తీసుకోలేదు.

"మల్లేసూ, ఒకటి!"

సమ్మెట దెబ్బ.

"యోహానూ, ఒకటి!"

దెబ్బ.

ఇలా చాలాసేపు సాగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. మల్లేసు ఛాతీ దాకా వచ్చాయి. ఎవరో "వచ్చేయండి" అన్నారు. ఎవరూ రాలేదు. చట్రానికీ రాళ్ళకూ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించింది. అది ఒక చివర నుంచి నడిమి వైపు పాకి, రెండో చివరకు చేరింది. కమాను చట్రాన్ని వదిలింది. రాళ్ళు ఒక్కసారి కిర్రుమన్నాయి. రత్నమ్మ మోకాళ్ళు వంచి, చేతులు చాచి నిలబడింది. కమాను గోరు మందం కిందికి సర్దుకుంది. ఆగింది.

"దిగి రావే తల్లీ!" పిచ్చమ్మ అరిచింది.

చట్రాన్ని తాళ్ళతో గట్టుకు లాగేశారు. ఆఖరి మనిషి ఎక్కిన కాసేపటికి పెద్ద నీళ్ళు వచ్చాయి. ఒక మద్దిచెట్టు వేళ్ళతో సహా వచ్చి మూడో కమాను కింద నుంచి దూరి, దేనికీ తగలకుండా పోయింది. మల్లేసు దాని వెనకే చూస్తూ నిలబడ్డాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. యోహాను అవతలి గట్టు మీద ఉన్నాడు. ఇద్దరి మధ్యా వాగు మోగుతోంది. చేయెత్తాడు. ఇతనూ ఎత్తాడు.

నమోదు 60

సందుల గడువు దాటింది. వాగు ఇంకా గట్ల దాకా ఉంది. షాహీనా ముందు ఇసుక బస్తాల లారీని మూడుసార్లు నడిపించింది. ప్రతిసారీ కమాను కింద కొలత చూసింది. మూడోసారి తర్వాత సంతకం పెట్టింది. నల్లకొండ గుంత, మోత రాయి. రత్నమ్మ కాగితం ఒకసారి చూసి నాకు ఇచ్చింది. "జాగ్రత్త చెయ్యి పేపరాయనా. మా చేతులు తడి."

పదకొండు గంటలకు బస్సు వచ్చింది. ఇన్నేళ్ళూ అవతలి గట్టు మీదే వెనక్కి తిరిగిపోయే బస్సు. వాగు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి వంతెన చూశాడు, కింద నీళ్ళు చూశాడు, మళ్ళీ ఎక్కాడు. మొదటి కమాను, రెండోది, మూడోది. గుంత గేటు ముందుకు వచ్చి ఆగింది. తిరగడానికి చోటు లేక క్రషర్ యార్డులోకి పోయి తిప్పుకుంది. మల్లేసు ముందు పరిగెడుతూ చేతులూపి దారి చూపించాడు. ఇనుము ఏరే యంత్రపు చేతులను అడ్డం రాకుండా పైకెత్తించాడు.

ఆసుపత్రికి పోవాల్సిన ఇద్దరు ముసలివాళ్ళు, హైస్కూలు పిల్లలు ఎక్కారు. వాళ్ళ వెనక రత్నమ్మ ఎక్కింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. కిటికీ పక్కన కూర్చుంది. నేను మెట్టు మీద నిలబడ్డాను.

కండక్టరు టికెట్ మిషన్ నొక్కి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇక్కడ నుంచి టికెట్టు రావట్లేదు. అవతలి గట్టు నుంచే ఉంది. మిషన్లో ఈ ఊరే లేదు."

రత్నమ్మ వాగు మీద నుంచి చూపు తిప్పలేదు. బస్సు అప్పటికి మూడో కమాను మీద ఉంది.

"రేపటికి పెట్టించు," అంది.